న్యాయమూర్తి పెట్టెలో ఎవరి ఉత్తరాలు ఉంటాయి? అపోహలు – వాస్తవాలు

పాత రాతప్రతులను చదివి, తేదీల వారీగా సర్ది, ఒక్కొక్క కాగితానికీ జాబితాలో ఒక వరుస రాయడం నా వృత్తి. అమెరికా సుప్రీంకోర్టు తొలితరం న్యాయమూర్తుల ఉత్తరాల కోసం వచ్చేవారిలో చరిత్ర విద్యార్థులు, న్యాయవాదులు ఎక్కువగా ఉంటారు. వారు వెంట తెచ్చుకునే అపోహలు మాత్రం ఇంచుమించు ఒక్కటే. నాకు బాగా పరిచయమైన జేమ్స్ ఇరెడెల్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. ఇతడు 1751లో ఇంగ్లండులోని లూయిస్‌లో పుట్టి, పదిహేడేళ్లకే సుంకాల శాఖ ఉద్యోగిగా నార్త్ కరొలైనాలోని ఈడెంటన్ రేవుకు వచ్చి, అక్కడే న్యాయశాస్త్రం చదువుకున్నాడు. రాబర్ట్ హారిసన్ అనే ఆయన వద్దన్న స్థానంలో 1790లో జార్జి వాషింగ్టన్ ఇతడిని సుప్రీంకోర్టుకు నియమించాడు. 1799లో మరణించే దాకా ఆ పదవిలోనే ఉన్నాడు.

అపోహ: ఇరెడెల్ ఉత్తరాలంటే ఇరెడెల్ రాసినవి.

వాస్తవం: ఎవరి ఇంట్లోనైనా మిగిలేవి వారికి వచ్చిన ఉత్తరాలే, వారు రాసినవి అవతలివారి ఇళ్లకు చేరి ఉంటాయి. భార్య హన్నాకు రాసినవి, తన దగ్గర ఉంచుకున్న చిత్తుప్రతులు తప్పితే, న్యాయమూర్తి పెట్టె తెరవగానే వినిపించేది ఇతరుల గొంతే. ఈ సంగతి తెలియక నిరాశపడి వెళ్లిపోయినవారు ఉన్నారు. నన్నడిగితే ఆ పెట్టెలో అసలు విలువైన భాగం అదే.

ఒక్క ఉత్తరం చూడండి. ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ సభ జరుగుతుండగా, అందులో నార్త్ కరొలైనా ప్రతినిధి అయిన రిచర్డ్ డాబ్స్ స్పైట్ 1787 ఆగస్టు 12న ఇరెడెల్‌కు రాశాడు. బేయార్డ్, సింగిల్టన్ల వ్యాజ్యంలో ఆ రాష్ట్ర న్యాయమూర్తులు శాసనసభ చేసిన చట్టాన్ని పక్కన పెట్టడం అతనికి మింగుడు పడలేదు. రాష్ట్ర రాజ్యాంగంలో ఎక్కడా లేని అధికారాన్ని వీళ్లు లాక్కున్నారనీ, ఇలాగైతే రాష్ట్రం ముగ్గురు మనుషుల ఇష్టానికి లోబడి ఉండవలసి వస్తుందనీ అతని వాదన. ఆ వ్యాజ్యంలో బేయార్డ్ పక్షాన వాదించిన న్యాయవాదుల్లో ఇరెడెల్ ఒకడు. సుప్రీంకోర్టు పదవికి ఇంకా రెండేళ్లకు పైగా సమయం ఉంది. ఆగస్టు 26న అతను పంపిన జవాబు, చట్టాల రాజ్యాంగబద్ధతను న్యాయస్థానాలు పరిశీలించవచ్చునన్న సూత్రానికి తొలినాటి ఆధారాల్లో ఒకటిగా ఈనాటికీ ఉదహరింపబడుతోంది. స్పైట్ ఉత్తరాన్ని చదవకుండా ఆ జవాబును మాత్రమే చదివితే, అందులోని ప్రతి పేరా ఏ అభ్యంతరానికి సమాధానమో అంతుపట్టదు.

అపోహ: వ్యక్తిగత ఉత్తరాలను, వృత్తిపరమైన ఉత్తరాలను రెండు కట్టలుగా విడదీయవచ్చు.

వాస్తవం: కొత్తగా పనిలో చేరినప్పుడు నేనూ అలాగే విడదీయబోయి, వారం తిరగకముందే మానుకున్నాను. శామ్యూల్ జాన్‌స్టన్ సంగతే చూడండి. అతను హన్నాకు అన్న, ఇరెడెల్‌కు న్యాయశాస్త్రం నేర్పిన గురువు, నార్త్ కరొలైనా గవర్నరు, 1789 నుంచి 1793 వరకు సెనేటరు. అలాంటి మనిషి దగ్గర నుంచి వచ్చిన కాగితాన్ని ఏ కట్టలో పెడతారు? ఇంగ్లండులో మతగురువుగా ఉన్న ఇరెడెల్ తమ్ముడు ఆర్థర్ రాసినవి అచ్చంగా కుటుంబపు ఉత్తరాలే కదా అనిపిస్తుంది. కానీ జమైకాలోని పినతండ్రి, ఇరెడెల్ అమెరికా విప్లవం పక్షాన నిలిచాడన్న కోపంతో అతనికి ఆస్తి దక్కకుండా చేసిన కుటుంబం అది. అటువంటి ఇంట్లో రాజకీయం భోజనాల బల్ల దగ్గరే కూర్చుని ఉంటుంది.

అపోహ: సుప్రీంకోర్టు న్యాయమూర్తి రాజధానిలో కూర్చుని ఉత్తరాలు అందుకునేవాడు.

వాస్తవం: 1789 నాటి చట్టం దేశాన్ని మూడు సర్క్యూట్లుగా విభజించి, ఆరుగురు న్యాయమూర్తులూ ఏడాదికి రెండుసార్లు వాటిలో తిరిగి విచారణలు జరపాలని విధించింది. దక్షిణ సర్క్యూట్ అంటే బండ్ల మీదా గుర్రాల మీదా చార్లెస్టన్, సవానా, అగస్టా వంటి ఊళ్లకు తిరగడమే. తనది టపా మోసే కుర్రవాడి బతుకైపోయిందని ఇరెడెల్ వాపోయాడు. న్యాయమూర్తులు 1792లో వాషింగ్టన్‌కు మొర పెట్టుకున్న తరువాత, 1793లో కాంగ్రెసు ఒక్కో సర్క్యూట్ కోర్టుకు ఇద్దరు రావలసిన చోట ఒక్కరు చాలన్నది. ఉత్తరాలు ఆ మనిషి వెనకాలే ఊరూరా తిరిగేవి. అందువల్ల ఉత్తరం మీది తేదీని బట్టి అతనికి ఆ వార్త ఎప్పుడు తెలిసిందో చెప్పడం ప్రమాదకరం.

అపోహ: కవరు, స్టాంపు పోయాయి కాబట్టి ఉత్తరం అసంపూర్ణం.

వాస్తవం: అవి మొదటి నుంచీ లేవు. అమెరికాలో తపాలా బిళ్లలు వచ్చింది 1847లో. 1792 చట్టం ప్రకారం ఒక్క కాగితానికి ముప్పై మైళ్ల లోపు 6 సెంట్లు, 450 మైళ్లు దాటితే 25 సెంట్లు; రెండో కాగితం చేరిస్తే రుసుము రెట్టింపు. కవరు కూడా కాగితం కిందే లెక్క కాబట్టి, రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో ముద్ర వేసి, పైన చిరునామా రాసేవారు. సాధారణంగా రుసుము చెల్లించేది అందుకున్నవారే; మన పెద్దలకు తెలిసిన బేరింగు ఉత్తరం లాంటిదే. లక్క ముద్రను చించినప్పుడు ఊడివచ్చిన ముక్కతో పాటు రెండు మూడు మాటలు కూడా పోతాయి. వేళ్ల మధ్య ఆ చిల్లు కనిపిస్తే, ఉత్తరాన్ని అందుకున్నవారు నిజంగా విప్పారని అర్థం.

చేతి తొడుగులు లేనిదే ముట్టుకోకూడదన్నది సినిమాల పుణ్యం. శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు. తొడుగు వేసుకుంటే కాగితపు అంచు ఎక్కడుందో తెలియక చిరుగుతుంది. పాత గుడ్డపేలికలతో తయారైన ఆనాటి కాగితం, తరువాతి శతాబ్దపు చెక్కగుజ్జు కాగితం కన్నా చాలా గట్టిది. భయపడవలసింది సిరాకే: మాచికాయల కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసిన ఆ సిరా, వత్తుగా పడిన చోట కాగితాన్ని తినేస్తుంది.

అపోహ: ఇవన్నీ ఎప్పుడో అచ్చయ్యాయి కదా, మూలప్రతులు ఎందుకు?

వాస్తవం: ఇరెడెల్ మనవరాలి భర్త గ్రిఫిత్ మెక్రీ 1857–58లో రెండు సంపుటాలు అచ్చు వేయించాడు; అందుకు మనం రుణపడి ఉన్నాం. అయితే ఆ కాలపు సంపాదకులు కుటుంబ గౌరవానికి భంగమనుకున్న వాక్యాలను కత్తిరించడం మామూలు. పైగా అచ్చులో ఉత్తరం వెనుకవైపు కనిపించదు. అందుకున్న మనిషి పంపినవారి పేరునూ తేదీనీ తన చేత్తో గుర్తు రాసుకునేది అక్కడే. నకళ్ల కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు చిరునామా ఉన్న వెనుకవైపు చిత్రం కూడా కావాలని విడిగా రాయండి. రాయకపోతే చాలా చోట్ల ముందువైపు మాత్రమే పంపుతారు.