ఖలీ ఎందుకంత నెమ్మదిగా నడిచేవాడు

తిరుపతి

చిరంజీవులకు,

రెజ్లర్ గ్రేట్ ఖలీ ఏం తిని అంత పెరిగాడని అడిగారు. రాగిసంకటి, నాటుకోడి పులుసు అని మీలో ఒకడు తేల్చేశాడట కూడా. సంకటి మంచిదే, తినండి. ఆ ఎత్తు మాత్రం తిండితో వచ్చింది కాదు.

ఆయన అసలు పేరు దలీప్ సింగ్ రాణా. 1972లో హిమాచల్ ప్రదేశ్‌లోని సిర్మౌర్ జిల్లాలో, ధిరాయినా అనే కొండపల్లెలో పుట్టాడు. రాళ్ళు కొట్టాడు, సిమ్లాలో సెక్యూరిటీ గార్డుగా నిలబడ్డాడు. పంజాబ్ పోలీసు అధికారి ఒకాయన కంటపడితే పోలీసు ఉద్యోగం వచ్చింది. 7 అడుగుల 1 అంగుళం, 157 కిలోలని ఆయన ఆడిన అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ లెక్క. మొదట్లో ఇదే మనిషిని 7 అడుగుల 3 అంగుళాలన్నారు. రెజ్లింగ్ కంపెనీల టేపు కాస్త సాగుతుంది లెండి.

మెదడు అడుగున, ముక్కు మొదలుకి సూటిగా వెనకవైపు, శనగగింజంత గ్రంథి ఒకటుంటుంది. పీయూష గ్రంథి అని మీ సైన్సు పుస్తకంలో చదివే ఉంటారు. పెరుగుదల హార్మోను అక్కడే పుడుతుంది. ఆ గ్రంథిలో చిన్న కణితి లేస్తే (చాలావరకు అది క్యాన్సరు కాదు) హార్మోను ఆగకుండా కారుతూనే ఉంటుంది. పిల్లల ఎముకల చివర్లలో పెరిగే మెత్తటి పొర ఉంటుంది కాబట్టి మనిషి నిలువునా సాగుతాడు. ఆ పొర గట్టిపడ్డాక ఇక ఎత్తు పెరగడు, ఎముక లావెక్కుతుంది. గడ్డం ముందుకొస్తుంది, కనుబొమల దగ్గర ఎముక ఉబ్బుతుంది, చేతులూ పాదాలూ వెడల్పవుతాయి. దీన్నే అక్రోమెగలీ అంటారు.

ఇది ఒక్కరోజులో బయటపడే జబ్బు కాదు, ఇంట్లోవాళ్ళ కంటికి అసలు ఆనదు. ముప్పై ఏళ్ళు దాటినవాడికి చెప్పుల సైజు మారుతుంది, పెళ్ళినాటి ఉంగరం వేలికి ఎక్కదు, పళ్ళ మధ్య సందులు పడతాయి. కంటి నరాలు ఆ గ్రంథికి సరిగ్గా పైనే ఒకదాన్నొకటి దాటుతాయి. కణితి వాటిని నొక్కితే ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది గానీ, పక్కనుంచి వచ్చే ఆటో కనపడదు. అనుమానం వస్తే ముందు ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్ష చేస్తారు. తర్వాత 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, పెరుగుదల హార్మోను పడిపోతుందా లేదా చూస్తారు. మామూలు మనిషిలో పడిపోతుంది, ఈ జబ్బున్నవాడిలో పడదు. కణితి ఎంతుందో ఎమ్మారైలో తెలుస్తుంది. ఇలాంటివి చూసే ఎండోక్రైనాలజీ విభాగం మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనూ ఉంది. ఖలీకి 2012లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఆపరేషన్ చేసి కణితి తీశారు. దీనికి సాధారణంగా పుర్రె కోయరు, ముక్కులోంచే వెళ్తారు. ఆయనకంటే ముందు తరం భారీకాయ రెజ్లర్, ఫ్రాన్సుకు చెందిన ఆంద్రే ది జెయింట్, ఇదే జబ్బుకు చికిత్స చేయించుకోలేదు. 1993లో 46 ఏళ్ళకే గుండె ఆగి చనిపోయాడు.

ఇక నడక సంగతి. 5 అడుగుల 8 అంగుళాల మనిషిని అదే ఆకారంలో 7 అడుగుల 1 అంగుళానికి పెంచామనుకోండి. ఎత్తు 1.25 రెట్లు అవుతుంది. బరువు 1.25 × 1.25 × 1.25, అంటే దాదాపు రెండింతలు. కానీ ఆ బరువు మోసే ఎముకను అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం 1.25 × 1.25 మాత్రమే పెరుగుతుంది, అంటే సుమారు ఒకటిన్నర రెట్లు. మిగిలిన భారమంతా కీళ్ళదే. అలిపిరి మెట్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే మోకాళ్ళు పీకుతాయి కదా. మెట్టు దిగేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు మూడు రెట్లకు పైగానే పడుతుంది. 157 కిలోల మనిషికి అది దాదాపు అర టన్ను. ఖలీ బరువుగా అడుగులేస్తుంటే నవ్వినవాళ్ళు ఈ లెక్క వేసుకోలేదు.

అయితే ఈ రెజ్లింగ్ అంతా ముందే అనుకుని చేసే ఆటేగా అంటారా? అవును, ఎవరు గెలవాలో ముందే నిర్ణయమైపోతుంది. గంగమ్మ జాతరలో దొర వేషం చేతిలో పాళెగాడు చస్తాడని తిరుపతిలో ఎవరికి తెలియదు? అయినా వీధంతా నిలబడి చూస్తుంది. ఇదీ వేషమే. పేరు కూడా కాళికాదేవి నుంచి తీసుకున్నదే. పడటం మాత్రం నిజంగా పడటమే.

రింగు 20 అడుగుల చదరం. ఇనుప దూలాలు, వాటిమీద చెక్కలు, పైన పలచటి ఫోమ్, ఆపైన కాన్వాసు. చెక్కలు కొంచెం వంగి దెబ్బను మింగుతాయి. పడేవాడు గడ్డాన్ని ఛాతీకి అదిమి, ఊపిరి వదులుతూ, వీపు పైభాగం మొత్తం ఒకేసారి ఆనేలా పడాలి. అదే క్షణంలో రెండు అరచేతులతో నేలను చరచాలి. చెయ్యి వెనక్కి ఊనితే మణికట్టు పోతుంది. గడ్డం లేస్తే తల వెనకభాగం కొట్టుకుంటుంది.

భారీ మనిషిని అందుకే తరచూ పడనివ్వరు. 1987 మార్చి 29న హల్క్ హోగన్ అనే రెజ్లర్ ఆంద్రేని ఎత్తి పడేశాడు. ఎత్తించుకునేవాడు కాస్త ఎగిరి సాయం చేయకపోతే అంతటి మనిషి పైకి లేవడు. ఆంద్రే అప్పటికే వెన్నుకు ఆపరేషన్ అయినవాడు. నా లెక్కలో ఆ రోజు కష్టమైన పని చేసింది కిందపడినవాడే. ఖలీ అరచేతి దెబ్బలోనూ కొట్టడం కంటే చివర్లో జోరు ఆపుకోవడమే పనితనం. 2007 జూలైలో 20 మంది పోటీలో వరల్డ్ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. ఆ బెల్టు ఒక భారతీయుడికి దక్కడం అదే మొదలు. సెప్టెంబరులో బటిస్టా అనే రెజ్లర్ చేతిలో పోగొట్టుకున్నాడు. తర్వాత 2015లో జలంధర్‌లో సొంతంగా శిక్షణశాల పెట్టాడు.

ఒక్కటి మాత్రం దాచను. 2001లో కాలిఫోర్నియాలో ఖలీ సాధన చేస్తున్న శిక్షణశాలలోనే, ఆయనతో కలిసి ఒక పట్టు నేర్చుకుంటూ తోటి కుర్రాడు చనిపోయాడు. అంతకుముందే ఆ కుర్రాడి తలకు దెబ్బ తగిలి ఉంది. అది పూర్తిగా మానకముందే రెండోసారి తగిలింది. మొదటి దెబ్బకు అదిరిన మెదడు రెండోదాన్ని తట్టుకోలేదు, లోపల వాచిపోతుంది. తల తిరిగినా, వాంతి అయినా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజు ఆట ఆపేసి డాక్టరుకు చూపించాలి. ఆయన సరేనన్నాకే మళ్ళీ మొదలు.

మీరు మిద్దె మీద పరుపేసుకుని పిట్టగోడ పైనుంచి దూకుతున్న వీడియో మీ అమ్మ పంపింది. ఆ పరుపు నాలుగంగుళాల దూది. దాని కింద వంగే చెక్క లేదు, సిమెంటు ఉంది. పరుపు కిందికి తెచ్చేయండి. పండక్కి వచ్చినప్పుడు గడ్డం ఛాతీకి అదిమి ఇసుకలో పడటం నేర్పిస్తాను.

మీ తాత