నీలం డబ్బా అడ్డొస్తే వైరస్ ఉన్నట్టేనా?

కంప్యూటర్ సర్వీసింగ్ షాపు నడిపేవాళ్లకి తరచూ వచ్చే ఫోన్ ఇది: "అన్నా, ఏదో డౌన్‌లోడ్ చేశా. నొక్కితే నీలం డబ్బా వచ్చి ఓపెన్ కానివ్వట్లేదు. వైరస్సేనా?"

అపోహ: నీలం డబ్బా వచ్చిందంటే వైరసే.

వాస్తవం: కాదు. "విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ" అని చూపించేది స్మార్ట్‌స్క్రీన్. 2012లో విండోస్ 8తో సిస్టమ్‌లో భాగమైంది. ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని అరుగు మీద పెద్దాయన "ఎవరి తాలూకు బాబూ?" అని ఆపినట్టే ఇదీను. తయారు చేసిందెవరు, ఎంతమంది వాడారు అన్నదే దాని ఆరా. ఎవరో ఒక్కడే కూర్చుని రాసి ఉచితంగా పెట్టిన టైపింగ్ టూల్‌కి డిజిటల్ సంతకం, అంటే తయారుచేసిందెవరో చెప్పే ముద్ర, ఉండదు, దానికి డబ్బు కట్టాలి మరి. అందుకే ఆగిపోతుంది. అలా కాక, యాంటీవైరస్సే ఫలానా వైరస్ అని పేరు పెట్టి పట్టుకుంటే మాత్రం ఇక ముందుకెళ్లొద్దు.

తయారుచేసినవాళ్ల సైటు నుంచే తెచ్చారా? అయితే "మోర్ ఇన్ఫో" నొక్కండి, "రన్ ఎనీవే" కనిపిస్తుంది. లేదంటే ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో జనరల్ ట్యాబ్ అడుగున "అన్‌బ్లాక్" దగ్గర టిక్ పెట్టండి. జిప్ ఫైలైతే విప్పకముందే పెట్టాలి. విప్పాక గుర్తొస్తే లోపలి ఫైళ్లకి విడివిడిగా పెట్టుకుంటూ కూర్చోవాలి! విండోస్ 11లో, నమ్మకం లేని యాప్‌లని ఆపే స్మార్ట్ యాప్ కంట్రోల్ ఆన్‌లో ఉంటే మాత్రం "రన్ ఎనీవే" దొరకదు.

అపోహ: ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు, ఏ హెచ్చరికా రాలేదు. కాబట్టి మంచి ఫైలే.

వాస్తవం: నెట్ నుంచి దించిన ఫైలుకి "జోన్ ఐడెంటిఫైయర్" అనే చిన్న చీటీ అంటుకుని వస్తుంది. ఆ చీటీని చూసే స్మార్ట్‌స్క్రీన్ ఆపుతుంది. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌లో ఉన్న డ్రైవుల్లోనే నిలుస్తుంది. పెన్‌డ్రైవులు ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే ఫార్మాట్లలో ఉంటాయి కాబట్టి కాపీ కొట్టగానే చీటీ ఊడిపోతుంది. ఫైలు మాత్రం అదే ఫైలు.

అపోహ: సంతకం ఉంటే భయం లేదు.

వాస్తవం: 2017లో, కంప్యూటర్‌లో చెత్త ఊడ్చే సీక్లీనర్ అనే సాఫ్ట్‌వేర్ 5.33 వెర్షన్ కంపెనీ అసలు సంతకంతోనే, లోపల మాల్వేర్‌తో జనానికి చేరింది.

అపోహ: యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ ఆన్ చేసుకుంటే సరి.

వాస్తవం: క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో వచ్చే నోట్‌ప్యాడ్ ఫైల్లో మొదటి లైను సాధారణంగా ఇదే. దొంగే వచ్చి "కుక్కని కట్టేయండి" అంటే కట్టేస్తామా? ఒక డీటీపీ ఆయన కట్టేశాడు. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖల ఫైళ్లన్నీ లాక్ అయిపోయి సిస్టమ్ పట్టుకుని వచ్చాడు. బ్యాకప్ లేదు. నేను చేయగలిగింది ఫార్మాట్ కొట్టడమే.

మా దగ్గరికి మ్యాక్‌లు తక్కువే వస్తాయి గానీ, అక్కడ అపోహ ఒకటే: ఆగిపోయిన యాప్‌ మీద కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే తెరుచుకుంటుందని. 2024లో వచ్చిన మ్యాక్ఓఎస్ సీక్వోయా వెర్షన్ నుంచి ఆ దారి మూసేశారు. యాప్‌ని ఒకసారి తెరవబోయి, అది ఆపాక సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి కిందికి జరగండి. "ఓపెన్ ఎనీవే" ఉంటుంది. అదీ ఓ గంటసేపే. కనపడలేదంటే యాప్‌ని మళ్లీ ఓసారి తెరవబోయి రండి.