ఫాల్ కలర్స్ రైలు: పీక్ కోసం కాచుక్కూర్చోకండి

ఆగస్టు చివరికొచ్చేసరికి నా ఫోన్ మోగడం మొదలవుతుంది. బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలను పన్నెండేళ్లుగా న్యూ హాంప్‌షైర్ టూరిస్ట్ రైళ్లకు తీసుకెళ్తున్నాను. అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఏటా ఒకటే: "అన్నా, ఈసారి పీక్ ఎప్పుడు?" పీక్ అంటే, ఆకురాలే ముందు చెట్ల ఆకులు ఎరుపు, పసుపు రంగుల్లో నిండుగా మెరిసే రోజులు.

అపోహ: పీక్ తేదీ తెలిశాకే టికెట్ కొనాలి.

జనం డబ్బూ సెలవులూ పోగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. పీక్ అనేది పెళ్లి ముహూర్తం కాదు. ఆకుల్లో పచ్చదనం పోయేది ముఖ్యంగా పగటి పొద్దు తగ్గడం వల్ల, అది ఏటా ఒకేలా తగ్గుతుంది. వానలు, ఎండలు, రాత్రి చలి కలిసి దాన్ని కొన్ని రోజులు అటూ ఇటూ జరుపుతాయి, ఎరుపు ఎంత చిక్కగా వస్తుందో తేలుస్తాయి. "ఈ ఏడాది పీక్ ఫలానా తేదీనే" అని ఆగస్టులో వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు మీకు తెలిసినంతే తెలుసు. పోనీ ఏ ప్రాంతంలో ఆకులు ఎంత రంగు మారాయో చూపించే ఇంటర్నెట్ మ్యాప్‌లో ఎర్రరంగు కనిపించేదాకా ఆగుదామంటే, అప్పటికి శని ఆదివారాల సీట్లు అయిపోతాయి.

పైగా రైలు ఒక్కచోట నిలబడి ఉండదు కదా. నార్త్ కాన్వేలో 1874 నాటి స్టేషన్ నుంచి బయల్దేరి క్రాఫర్డ్ నాచ్ అనే కనుమ దాకా వెళ్లే మౌంటెనీర్ రైలు వెయ్యి అడుగులకు పైగా ఎక్కుతుంది. రంగు ఏమో పైనుంచి కిందికి దిగుతుంది. సెప్టెంబర్ చివర్లో కింద లోయ చాలావరకు పచ్చగానే ఉంటుంది, చిత్తడి నేలల్లో ఉన్న రెడ్ మేపుల్ చెట్లు మాత్రం తొందరపడతాయి. పైన కనుమలో అప్పటికే హడావిడి మొదలై ఉంటుంది. అక్టోబర్ మధ్యకొచ్చేసరికి పైన కొమ్మలు మోడుబారుతుంటే, కింద లోయ మంచి రంగు మీద ఉంటుంది. అందుకని ముందు మీకు కుదిరే రోజు చూసుకోండి, ఆ రోజుకు తగ్గ రైలు తర్వాత ఎంచుకోండి. సెప్టెంబర్ ఆఖరు, అక్టోబర్ మొదటి రోజులైతే కనుమ దాకా వెళ్లే పెద్ద ప్రయాణం. నెల మధ్యకైతే అదే స్టేషన్ నుంచి లోయలో తిరిగొచ్చే చిన్న రైలు, టికెట్ కూడా తక్కువ. మామూలు వారం రోజు దొరికితే ఇంకా మంచిది.

ముఖ్యంగా అక్టోబర్ రెండో సోమవారం కలిసొచ్చే లాంగ్ వీకెండ్ వద్దు. అదే రోజు కెనడా వాళ్లకు థాంక్స్‌గివింగ్, వాళ్లూ దిగుతారు. ఈ పనిలోకి రాకముందు నేనూ మ్యాప్ చూస్తూ కూర్చుని, టికెట్లు అయిపోయాక ఆ వీకెండ్‌లోనే అమ్మానాన్నలను కార్లో ఎక్కించుకుని బయల్దేరాను. మూడు గంటల దారి ఐదున్నర గంటలు పట్టింది. రూట్ 16 మీద బంపర్‌కు బంపర్ ఆనుకుని, నాన్నకు బీపీ మాత్ర టైమ్ దాటిపోయి, ఎలాగో ఊళ్లోకి చేరి రైల్వే గేటు దగ్గర ఆగితే మేం ఎక్కాలనుకున్న రైలు మా ముందునుంచే పోయింది. మా అమ్మ చెయ్యి ఊపింది. పాపం, దాన్ని చూడ్డానికే వచ్చామనుకుంది.

ఇంతకన్నా బాధ కలిగించినవీ ఉన్నాయి. ఒకాయన పీక్ కోసమని వాళ్ల నాన్నగారి తిరుగు ఫ్లైట్ పది రోజులు ఆలస్యంగా ఉండేలా మార్పించుకున్నాడు, దానికి బాగానే కట్టాడు. సరిగ్గా వాళ్లు వెళ్లే ముందురోజు రాత్రి గాలివాన వచ్చి ఆకులన్నీ నేల మీద పరిచింది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

వాన పడితే ట్రిప్ దండగ అంటారు. కాదు. మబ్బు పట్టి ఆకులు తడిసి ఉంటే రంగు ఇంకా చిక్కగా కనిపిస్తుంది. భయపడాల్సింది గాలికి. మంచు పడితేనే ఆకులు ఎర్రబడతాయన్నదీ తప్పే. పగలు ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే మేపుల్ బాగా ఎర్రబడుతుంది, గట్టి మంచు పడితే ఆకు మాడి రాలిపోతుంది. అద్దాల పైకప్పు బోగీ చూడ్డానికి గొప్పగానే ఉంటుంది, ఫోటోల్లో మాత్రం అద్దంలోని మీ మొహమే పడుతుంది. కొన్ని ఖరీదైన తరగతుల్లో చిన్నపిల్లలను రానివ్వరు, కొనేముందు చూసుకోండి. మౌంట్ వాషింగ్టన్ కాగ్ రైల్వే కూడా ఇదేగా అని అడుగుతారు. అది వేరు. 1869 నుంచి పళ్లపట్టాల మీద 6,288 అడుగుల శిఖరానికి ఎక్కుతోంది, పైకి పోయేకొద్దీ చెట్లే ఉండవు. ఇక కనుమ రైలు దారిలో వచ్చే ఫ్రాంకెన్‌స్టీన్ వంతెనకు ఆ పేరు దయ్యం కథ వల్ల రాలేదు, పిల్లలను భయపెట్టకండి. పక్కనున్న కొండకు గాడ్‌ఫ్రీ ఫ్రాంకెన్‌స్టీన్ అనే చిత్రకారుడి పేరు పెట్టారు, వంతెనకు కొండ పేరు వచ్చింది.

పెద్దవాళ్లు మాత్రం ఇవేవీ అడగరు. "శిశిరంలో కదా ఆకులు రాలాలి, దసరాకే రాలడమేంటి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. మన దగ్గర మాఘ ఫాల్గుణాల్లో జరిగేది ఇక్కడ ఆశ్వయుజంలోనే అయిపోతుంది.

ఒకసారి ఒకమ్మాయి దాదాపు ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. "అన్నయ్యా, అమ్మానాన్నల ఫ్లైట్ అక్టోబర్ 3న, పీక్ 10న అంటున్నారు, డేట్ మార్చమంటారా?" మార్చొద్దమ్మా, సెప్టెంబర్ 29న కనుమ రైలు ఎక్కించు అన్నాను. ఆ రోజు సన్నగా తుంపర. కింద బార్ట్‌లెట్ అనే ఊరు దాటేదాకా చెట్లన్నీ పచ్చగానే ఉండేసరికి ఆ అమ్మాయి నా వైపు చూడ్డం మానేసింది. ఎక్కుడు మొదలయ్యాక కనుమంతా పసుపూ నారింజా. వాళ్ల నాన్నగారు స్వెటర్ మీద శాలువా కప్పుకుని కిటికీకి అతుక్కుపోయారు. చాలాసేపటికి నా వైపు తిరిగి, "మా అరకు రైల్లో యాభై ఎనిమిది సొరంగాలుంటాయి, ఇక్కడ ఎన్నండీ?" అని అడిగారు. సొరంగాలు అడక్కండి మాస్టారూ, వంతెన వస్తోంది, కిందికి చూడండి అన్నాను.