ఇంటి పన్నూ, ఇండిపెండెన్సూ

చింటూ, అమ్ములూ, ఎలా ఉన్నారు ఇద్దరూ. మొన్న ఆగస్టు పదిహేనున వీడియో కాల్‌లో చింటూ ఒక మాట అడిగాడు, "తాతయ్యా, అప్పుడు బ్రిటిష్ వాళ్ళకి టాక్స్ కట్టారు, ఇప్పుడు మనవాళ్ళకి కడుతున్నారు, రోడ్డు మీద గుంటలు అలాగే ఉన్నాయి, మరి మారిందేంటి" అని. మీ నాన్న వెంటనే కసిరాడు, పండగ పూట అవేం మాటలని. కసరాల్సిన పనేం లేదురా, ప్రశ్న మంచిదే. నాకే అప్పటికప్పుడు జవాబు రాలేదు, సిగ్నల్ సరిగా లేదని చెప్పి ఫోన్ పెట్టేశా, అబద్ధమే, ఇప్పుడు ఒప్పుకుంటున్నా. అప్పట్నుంచీ అదే తిరుగుతోంది బుర్రలో. ముప్పై ఆరేళ్ళు మునిసిపాలిటీలో బిల్ కలెక్టర్‌గా చేసినవాణ్ణి, ఇంటి పన్ను కోసం జనం తలుపులు కొట్టిన మనిషిని, నాకే తెలియకపోతే ఇంకెవడికి తెలుస్తుంది అనిపించింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

ముందు మీ తాతమ్మ సంగతి, అంటే మా నాయనమ్మ. ఆవిడకి పదహారేళ్ళప్పుడు పేరాలలో కొత్తగా కాపరానికొచ్చింది, మనది నేత ఇల్లు కదా. 1919లో గవర్నమెంటు చీరాల, పేరాల రెండు ఊళ్ళనీ కలిపి మునిసిపాలిటీ చేసేసింది. పన్నులు ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరిగాయి. మగ్గం నేసుకునేవాళ్ళు, చిన్న కొట్లవాళ్ళు, రైతులు, వీళ్ళకి మునిసిపాలిటీ వద్దు మొర్రో అని అర్జీలు పెట్టుకున్నారు, ఎవడూ వినలేదు, కౌన్సిలర్లు రాజీనామా చేస్తే ఆఫీసర్ని పెట్టి నడిపించారు. ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా వినండి, 1920 చివర్నుంచి మద్రాసులో ఆ శాఖ చూసిన మంత్రి తెల్లాయన కాదు, పానగల్లు రాజా గారు, మన తెలుగాయనే. అంటే కుర్చీలో మనవాడు కూర్చోవడం ఒకటి, ఆ కుర్చీ మన మాట వినడం ఇంకొకటి. ఆయన్ని గెలిపించిన ఓటర్లలో మీ తాతమ్మ లేదు, వాళ్ళాయన లేడు, వాళ్ళ వీధి మొత్తంలో ఎవరైనా ఉన్నారా అంటే నాకు అనుమానమే, ఎందుకంటే అప్పట్లో ఆస్తో, కట్టే పన్నో ఇంత అని ఉన్నవాళ్ళకే ఓటు.

అప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందుకొచ్చారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి, పాటగాడు, మాటగాడు, రామదండు అని వలంటీర్ల దళం పెట్టాడు. 1921 ఏప్రిల్‌లో గాంధీ గారు బెజవాడ మీటింగు అయ్యాక చీరాల వచ్చి రెండు దార్లు చెప్పారు, పన్ను కట్టకుండా శాంతంగా శిక్ష భరించండి, లేదా ఊరే ఖాళీ చేసి మునిసిపాలిటీ పొలిమేర దాటి వెళ్ళండి అని. జనం రెండోది పట్టుకున్నారు. సుమారు 13 వేల మంది ఇళ్ళకి తాళాలేసి, హద్దు అవతల తాటాకు పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకుని పదకొండు నెలలు ఉన్నారు. రోళ్ళు పగిలే ఎండల్లో మొదలుపెట్టారు చూడండి, అక్కడుంది అసలు తెగింపు.

నాయనమ్మ ఎండ గురించి పెద్దగా చెప్పేది కాదు. ఆవిడ బాధంతా మగ్గం గురించే. మనది గుంట మగ్గం, నేలలో గుంట తవ్వి అందులో కాళ్ళు పెట్టి కూర్చుని తొక్కాలి. రామనగరం ఇసక నేల, సాయంత్రానికి తవ్విన గుంట పొద్దున్నకి పూడిపోయేదిట. మా తాతయ్య, అంటే ఆవిడ భర్త, తాటి దిమ్మెలు అడ్డం పెట్టి నిలబెట్టాడు, అయినా ఇసక గాలికి ఎగిరి పడుగులో పడి దారాలు తెగేవి, నేసింది సగం, ముడేసింది సగం అనేది నవ్వుతూ. తర్వాత గోపాలకృష్ణయ్య గారిని జైల్లో పెట్టారు, డబ్బులైపోయాయి, జనం ఒక్కొక్కళ్ళే ఇళ్ళకి తిరిగొచ్చేశారు. అప్పటికి మునిసిపాలిటీ పోలేదు. పన్నూ పోలేదు. ఆయన 1928లో క్షయ జబ్బుతో పోయారు, నలభై కూడా నిండలేదు.

ఓడిపోయారు కదా అంటావు నువ్వు. అవును, ఓడిపోయారు. నేను కూడా చిన్నప్పుడు అదే అడిగితే నాయనమ్మ ఏమందంటే, "మాకు ఊళ్ళో ఉండి తిట్టే వీలుంటే ఊరొదిలి ఎందుకు పోతాంరా" అంది. ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు, ఉద్యోగంలో చేరాక ఎక్కింది.

ఎనభైల్లో ఒక ఊళ్ళో (ఏ ఊరో చెప్పను, అక్కడ ఇంకా నాకు స్నేహితులున్నారు) మార్చి నెలాఖరు, టార్గెట్లు, పైనుంచి ఒకటే ఒత్తిడి. ఒక ముసలావిడ ఇంటికెళ్ళా, రెండేళ్ళ బకాయి. ఆవిడ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి నా చేతిలో రసీదు పుస్తకం లాక్కుని బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టేసింది. "నీళ్ళు రాని కుళాయికి పన్నేంటి, మీ కౌన్సిలర్‌కి ఓటడగటానికి నా గుమ్మం తెలిసింది కదా, ఇప్పుడు రమ్మను, అప్పుడిస్తా పుస్తకం" అంది. రసీదు పుస్తకం పోతే నా ఉద్యోగానికే మోసం, బతిమాలా, బెదిరించా, లాభం లేదు. వీధి వీధంతా పోగై నవ్వుతున్నారు. పరుగెత్తుకెళ్ళి కౌన్సిలర్‌కి చెప్తే ఆయన ముందు కస్సుమన్నాడు, తర్వాత ఆ వీధిలో ఓట్లెన్నో లెక్కేసుకున్నాడు కాబోలు, స్కూటర్ మీద వచ్చాడు. మూడో రోజుకి పైపు బాగుపడింది. ఆవిడ బకాయి మొత్తం చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చి, నాకు గ్లాసుడు మజ్జిగ కూడా ఇచ్చింది. ఇంటికొస్తూ దారంతా కోపమే నాకు, పరువు పోయిందని. రాత్రి పడుకున్నాక నాయనమ్మ మాట గుర్తొచ్చింది. 13 వేల మంది పదకొండు నెలలు ఇసకలో పడుకున్నా కదలని ఆఫీసు, ఇప్పుడు ఒక ముసలావిడ బియ్యం డబ్బాకి కదిలింది. చింటూ, నువ్వడిగినదానికి నా దగ్గరున్న జవాబు అదేరా, ఇంతకన్నా గొప్పది లేదు.

ఆ ఓటు ఊరికే రాలేదు. 1951-52లో మొదటి ఎలక్షన్లకి ఇరవై ఒక్కేళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ ఓటిచ్చారు, ఆస్తి అడగలేదు చదువు అడగలేదు, అప్పటికి నూటికి ఎనభై మందికి పైగా చదువు రాదు. ఒక్కో కేండిడేట్‌కి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. మీ తాతమ్మ తన పేరు పలకడానికే సిగ్గుపడే మనిషి, క్లర్కు పేరడిగితే మా నాన్న వైపు చూసిందట. ఉత్తరాదిలో అయితే చాలామంది ఆడవాళ్ళు పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్యని, ఫలానా వాడి తల్లిని అని రాయించుకున్నారు, అలాంటివి సుమారు 28 లక్షల పేర్లు లిస్టులోంచి తీసేయాల్సొచ్చింది. పేరు చెప్పడం కూడా నేర్చుకోవాల్సొచ్చింది మరి.

ఇంకో సంగతి, ఆగస్టు పదిహేను అందరి గుమ్మంలోకీ ఒకే రోజు రాలేదు. హైదరాబాద్ వాళ్ళకి 1948 సెప్టెంబరు 17 దాకా నిజాం రాజ్యమే. యానాం 1954 వరకూ ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది, గోదారి దాటితే ఒక దేశం ఇవతల ఇంకో దేశం. మన పక్కనే స్టూవర్టుపురం ఉంది చూశారా, రైల్లో వస్తుంటే బాపట్ల, చీరాల మధ్యలో బోర్డు కనపడుతుంది. 1871లో తెల్లవాళ్ళు ఒక చట్టం చేశారు, కొన్ని కులాల్లో పుడితే చాలు నేరస్తుడివే అని. ఎరుకల వాళ్ళని తెచ్చి అక్కడ సెటిల్‌మెంట్ పెట్టి, హాజరు పట్టీలో పేరు పలకాలి, అనుమతి లేకుండా పక్కూరు పోకూడదు, ఇలా ఉంచారు. పుట్టిన బిడ్డ ఏం దొంగతనం చేశాడో మరి. దేశం మొత్తం మీద ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న, మన మద్రాసు రాష్ట్రంలో కొంచెం ముందే తీసేశారు గానీ దాని జాగాలో అలవాటు నేరస్తుల చట్టం అని ఇంకోటి తెచ్చారు. చిన్నప్పుడు మేమూ ఆ ఊరి పేరెత్తి ఒకళ్ళనొకళ్ళు దొంగా అని వెక్కిరించుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, తెల్లవాడు రాసిన మాట వాడు పోయాక కూడా మా నోట్లో ఆడింది.

తెల్లవాళ్ళు మంచి చెయ్యలేదా అని అమ్ములు అడిగింది, రైళ్ళు వేశారు కదా అని. వేశారమ్మా. కానీ ఆ రైలు కంపెనీల షేర్లు కొన్నవాళ్ళు ఇంగ్లండులో ఉండేవాళ్ళు, రైలుకి లాభం వచ్చినా రాకపోయినా నూటికి ఐదు వడ్డీ గ్యారంటీ, తక్కువ పడితే మన పన్నుల్లోంచి పూడ్చడం. కాటన్ దొర గారి మాట వేరు, ఆయన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో కట్టాడు, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది, మనం తిన్న అన్నం ఆ నీళ్ళదే, ఆయన్ని నేను ఒక్క మాట అననివ్వను. అయితే దానికి ఇరవై ఏళ్ళ ముందు, 1832-33లో గుంటూరు ప్రాంతంలో కరువొచ్చి లక్షన్నర మందికి పైగా పోయారు, ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ. అప్పుడు చెన్నపట్నంలో ఉన్న దొరని నిలదీసే మార్గం వీళ్ళకి లేదు. తర్వాత మంచివాడు దొరికితే ఆనకట్ట, దొరక్కపోతే డొక్కలు ఎండటం, అంతే, మన చేతిలో ఏమీ లేదు.

అలాగని ఇప్పుడంతా బ్రహ్మాండం అని నేను అనను. గాంధీ గారిని 1922లో ఏ రాజద్రోహం సెక్షన్ కింద ఆరేళ్ళ జైలు వేశారో ఆ 124ఏ స్వాతంత్ర్యం వచ్చాక కూడా డెబ్బై ఏళ్ళు దాటి పుస్తకంలో ఉంది, వాడారు కూడా. ఎమర్జెన్సీలో నేను ఉద్యోగంలో ఉన్నా, ఆఫీసులో జనం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు, పన్నులు మాత్రం టంచనుగా వసూలయ్యేవి, మా పై ఆఫీసరు తెగ సంతోషపడేవాడు. ఆ రెండేళ్ళు నా రసీదు పుస్తకం ఎవరూ లాక్కోలేదు. అది గుర్తుపెట్టుకోండి. ఇంక "దొర" అనే మాట, దొరలు పోయారు గానీ కలెక్టరాఫీసులో బంట్రోతుని కూడా "అయ్యా" అని చేతులు కట్టుకునేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నా.

ఉప్పు సంగతి రాద్దామనుకున్నా, మన చినగంజాం ఉప్పు కొఠార్లు, 1930లో ప్రకాశం పంతులు గారి దేవరంపాడు శిబిరం, అదంతా ఇంకో ఉత్తరమవుతుంది, వేళ్ళు నొప్పెడుతున్నాయి. ఒక్కటి చెప్పి వదిలేస్తా, ఇవాళ ఉప్పు మీద జీఎస్టీ సున్నా, బిస్కెట్ మీద ఉంది, ఉప్పు మీద లేదు. మీ అమ్మ ఈసారి బిల్లు తెచ్చినప్పుడు చూడండి.

మా వీధి మురిక్కాలవ గురించి పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను కదా, ఇరవై ఎనిమిదో రోజున జవాబొచ్చింది. పని పూర్తయినట్టు రాశారు, కొలతలతో సహా, బిల్లు కూడా పాసయింది. కాలవ మాత్రం అలాగే ఉంది, నిన్న వర్షానికి మా గుమ్మం దాకా వచ్చింది. ఆ కాగితం, నేను తీసిన ఫొటోలు, రెండూ ఫైల్లో పెట్టుకున్నా, సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్, పొద్దున్నే బస్సెక్కాలి. మీ బామ్మ ఈ వయసులో ఎందుకీ తిరుగుళ్ళు అని ఒకటే గొణుగుడు, అయినా పులిహోర కట్టిస్తానంది.

మీ తాతయ్య