న్యూయార్క్ బిల్డింగుల జరిమానా గొడవ 2019లో మొదలైంది కాదు

న్యూయార్క్‌లో పెద్ద బిల్డింగుల కాలుష్యం మీద జరిమానాల రచ్చ మళ్లీ రాజుకుంది. లోకల్ లా 97 సంగతి చాలామందికి తెలిసిందే. 25,000 చదరపు అడుగులు దాటిన బిల్డింగు తనకిచ్చిన పరిమితికి మించి గ్రీన్‌హౌస్ వాయువులు వదిలితే, మించిన ప్రతి టన్నుకూ ఏడాదికి 268 డాలర్లు కట్టాలి. 2019 ఏప్రిల్‌లో సిటీ కౌన్సిల్ దీన్ని పాస్ చేసింది. ఆ మరుసటి నెల అప్పటి మేయర్ డి బ్లాసియో ట్రంప్ టవర్ లాబీలోకి వెళ్లి దీని గురించి మాట్లాడుతుంటే, వెనక ఎస్కలేటర్ల మీద నిరసనకారులు ప్లకార్డులు పట్టుకుని పైకీ కిందకీ తిరిగారు. ఆ తమాషా వదిలేద్దాం.

ఇప్పుడు ఓనర్ల నుంచి ఎక్కువగా వినిపించే మాట "ఉన్నట్టుండి మా నెత్తిన రుద్దారు" అని. ఉన్నట్టుండి ఏమీ కాదు. నన్నడిగితే అసలు మలుపు దానికి పదేళ్ల ముందే, 2009 డిసెంబర్‌లో ఉంది.

ఆ ఏడాది మేయర్ బ్లూమ్‌బర్గ్ ఒక ప్లాన్ తెచ్చారు. 50,000 చదరపు అడుగులు దాటిన బిల్డింగులన్నీ ఎనర్జీ ఆడిట్, అంటే ఎనర్జీ ఎక్కడ వృథా అవుతోందో తనిఖీ, చేయించుకోవాలి, ఆ ఆడిట్‌లో తేలిన పనుల్లో పెట్టిన డబ్బు ఐదేళ్లలో వెనక్కొచ్చేవి ఏవైతే ఉన్నాయో వాటిని తప్పనిసరిగా చేయించాలి. అంతే. టన్నుల లెక్కన జరిమానాలు లేవు, గ్యాస్ మానేయమనడం లేదు. ఓనర్లు గగ్గోలు పెట్టారు: మాంద్యంలో ఉన్నాం, బ్యాంకులు అప్పులివ్వడం లేదు, ఇప్పుడు ఈ ఖర్చేంటని. డిసెంబర్ వచ్చేసరికి బ్లూమ్‌బర్గ్ వెనక్కి తగ్గి, పనులు చేయించి తీరాలన్న ముక్క తీసేశారు. ఆడిట్ మిగిలింది, అదీ పదేళ్లకోసారి. రిపోర్టు తయారుచేసి సిటీకి పంపాలి గానీ అందులో రాసిన రిపేర్లు చేయించాల్సిన అవసరం ప్రైవేటు బిల్డింగులకు లేదు. దాంతోపాటు లోకల్ లా 84 కింద, ఏటా ఎంత కరెంటు, ఎంత గ్యాస్, ఎంత ఆయిల్ వాడారో చెప్పాలన్న రూలూ మిగిలింది. లెక్కలు చెబితే పోయేదేముంది అని ఓనర్లు ఊపిరి పీల్చుకున్నారు.

పోయింది. ఏటేటా వాళ్లే పంపిన ఆ లెక్కల ఆధారంగానే 2019లో పరిమితులు ఖరారు చేశారు.

వదిలేసిన పనులు ఎలాంటివో తెలియాలంటే అక్కడి పాత అపార్ట్‌మెంట్ ఒకటి చూడాలి. బేస్‌మెంట్‌లో ఒకటే బాయిలర్, పైకి ఆవిరి గొట్టాలు, గదికో ఇనుప రేడియేటర్. ఒక ఫ్లోర్‌లో చలికి వణుకుతుంటారు, ఇంకో ఫ్లోర్‌లో ఉక్క తట్టుకోలేక జనవరి మంచులోనూ కిటికీలు బార్లా తెరిచి పెట్టుకుంటారు. గ్యాస్ కాల్చి పుట్టించిన వేడి వీధిలోకి పోతుంటుంది. దీనికి కావలసింది బాయిలర్‌కి సరైన కంట్రోల్, రేడియేటర్లకు మంచి వాల్వులు, గొట్టాలకు తొడుగు. కోట్లు పోసే పనులేం కాదు.

అదే రోజుల్లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌లో రిపేర్లు ఎవరూ బలవంతపెట్టకుండానే మొదలయ్యాయి. ఉన్న 6,514 కిటికీల అద్దాలూ ఊడదీసి, అదే బిల్డింగులో పెట్టిన వర్క్‌షాపులో మధ్యలో ఫిల్మ్ వేసి మళ్లీ బిగించారు. మిగతా పనులతో కలిపి ఎనర్జీ వాడకం సుమారు 38 శాతం తగ్గేలా ప్లాన్ చేశారు. అంత పాత టవర్‌కే సాధ్యమైంది.

పదేళ్లు అలా గడిచాక వచ్చిన చట్టం సహజంగానే గట్టిగా వచ్చింది. ఒక లెక్క చూడండి. లక్ష చదరపు అడుగుల అపార్ట్‌మెంట్‌కి 2024 నుంచి 2029 దాకా ఏడాది పరిమితి 675 టన్నులు. 700 వదిలిందనుకుంటే జరిమానా 6,700 డాలర్లు, చాలా అపార్ట్‌మెంట్ బోర్డులు కట్టేసి ఊరుకునేంత. 2030లో పరిమితి సుమారు 335కి పడిపోతుంది. బాయిలర్ జోలికి పోకుండా అదే 700 దగ్గరే ఉంటే దాదాపు 98 వేల డాలర్లు, ఏటా. ఇప్పటి టెన్షనంతా దీని గురించే.

ఓనర్ల వాదనలో బలమున్న ముక్కలు రెండున్నాయి. బాయిలర్ తీసేసి కరెంటుకి మారమంటారు, కానీ 2021లో ఇండియన్ పాయింట్ అణు కేంద్రం మూతపడ్డాక నగరానికి వచ్చే కరెంటులో ఎక్కువ భాగం గ్యాస్, ఆయిల్ కాల్చి తీస్తున్నదే, దానికి కో-ఆప్ (నివాసులే ఉమ్మడి ఓనర్లుగా ఉండే బిల్డింగు) బోర్డు ఏం చేయగలదు? రెండోది, అద్దె నియంత్రణ ఫ్లాట్లు 35 శాతం మించి ఉన్న బిల్డింగులకు ఈ పరిమితుల బదులు చిన్న పనుల లిస్టు ఇచ్చి సరిపెట్టారు. రిపేర్ల పేరు చెప్పి అద్దెలు పెంచుతారన్న భయంతో పెట్టిన మినహాయింపు అది, న్యాయమైనదే. కానీ ఫలితంగా బరువు నగరంలో ఒక భాగమైన క్వీన్స్‌లోని మధ్యతరగతి కో-ఆప్‌ల మీద ఎక్కువ కనిపిస్తోంది. మనవాళ్లు, అంటే భారతీయ కుటుంబాలు, బాగా ఉండే తూర్పు క్వీన్స్‌లోని గ్లెన్ ఓక్స్ విలేజ్ అనే కో-ఆప్ అందుకే 2022లో కోర్టుకెక్కింది. రాష్ట్రానికి వాతావరణ చట్టం ఉండగా నగరానికి ఈ అధికారం లేదన్నది ప్రధాన వాదన. అప్పీల్లో కొంత ఊరట దొరికింది గానీ, 2025 మేలో రాష్ట్ర అత్యున్నత కోర్టు ఏకగ్రీవంగా సిటీ వైపే తీర్పిచ్చింది.

ఈలోగా మేయర్ ఆడమ్స్ హయాంలో 2023లోనే ఒక సందు తెరిచారు. చిత్తశుద్ధితో ప్రయత్నిస్తున్నామని ప్లాన్ చూపిస్తే రెండేళ్ల వెసులుబాటు. మొదటి రిపోర్టుల గడువు 2025 మే 1 అన్నారు, దాన్నీ పొడిగించారు. అడిగితే గడువు జరుగుతుందన్న నమ్మకం ఓనర్లకు 2009లో కుదిరింది, ఇప్పటికీ సడలలేదు.

2024లో కౌన్సిల్ ముందుకు ఒక బిల్లు వచ్చింది. గ్లెన్ ఓక్స్ లాంటి కాంప్లెక్సులకు ఆవరణలోని పచ్చిక స్థలాన్ని కూడా విస్తీర్ణం లెక్కలో కలిపి పరిమితి పెంచాలని. పర్యావరణ సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి. పచ్చికకి హీటింగ్ అక్కర్లేదు కదా మరి.