కార్బన్ ఫైబర్‌కి టెరాహెర్ట్జ్ పరీక్ష: అపోహలు - వాస్తవాలు

అపోహ: టెరాహెర్ట్జ్ తరంగాలు (మైక్రోవేవ్‌కీ ఇన్‌ఫ్రారెడ్‌కీ మధ్య ఉండేవి) కార్బన్ ఫైబర్ కాంపోజిట్‌లోంచి (ఫైబర్లని రెసిన్‌తో అతికించిన పదార్థం) ఎక్స్-రేలా దూసుకుపోతాయి.

వాస్తవం: దూసుకుపోవు. కార్బన్ ఫైబర్లలో కరెంటు బాగా పారుతుంది, అందుకే వచ్చిన తరంగంలో చాలా భాగం పైపైనే తిరిగి వెళ్లిపోతుంది. గ్లాస్ ఫైబర్, ఫోమ్ లాంటి ఇన్సులేటర్లలోకి మాత్రం చక్కగా దిగుతుంది. 2003లో కొలంబియా షటిల్ కూలిపోయాక, ఇంధన ట్యాంకు మీద స్ప్రే చేసిన ఫోమ్‌లో ఖాళీలు వెతకడానికి నాసా ఈ తరంగాలనే వాడింది. అందుకే ఎవరైనా "మా పరికరం కాంపోజిట్ లోపల చూస్తుంది" అంటే, ముందు ఏ ఫైబరో అడగండి.

అపోహ: అలాగైతే కార్బన్ ఫైబర్ దగ్గర దీనితో పనే లేదు.

వాస్తవం: ఇది మొదటిదానికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ. కరెంటు ఫైబర్ పొడవునా పారినంత బాగా అడ్డంగా పారదు. తరంగపు విద్యుత్ క్షేత్రం ఫైబర్‌కి అడ్డంగా ఉండేలా ప్యానెల్‌ని తిప్పితే కొంత లోతుకి దిగుతుంది. ఫైబర్ పొడవునా ఉండేలా తిప్పితే అద్దం మీద పడ్డట్టే వెనక్కి వస్తుంది. ఈ తేడాని బట్టి పై ప్లైలో (ఫైబర్ పొరలో) ఫైబర్లు ఏ దిక్కుకి ఉన్నాయో, ఎక్కడ పక్కకి జరిగాయో తెలుస్తుంది. అయితే కింది ప్లై మరో కోణంలో ఉంటే అక్కడ దారి మూసుకుపోతుంది.

దీని అసలు సత్తా పెయింట్ దగ్గర కనిపిస్తుంది. ఉక్కు మీద పెయింట్ మందం కొలిచే మాగ్నెటిక్ గేజ్ కార్బన్ ఫైబర్ మీద పనిచేయదు. టెరాహెర్ట్జ్ పల్స్ అయితే పెయింట్ పైనుంచి ఒక ప్రతిధ్వని, కింద ఫైబర్ నుంచి ఇంకోటి పంపుతుంది. పెయింట్ వక్రీభవన గుణకం (తరంగం అందులో ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) 1.7 అనుకుందాం. ఆ రెండింటి మధ్య 1 పికోసెకను (సెకనులో లక్ష కోట్లవ వంతు) తేడా వస్తే మందం దాదాపు 90 మైక్రాన్లు. ప్రైమర్, టాప్‌కోట్ గుణకాలు వేరుగా ఉండి, పొరలు మరీ పలచగా లేకపోతే, రెండింటినీ విడివిడిగా చెప్పేయొచ్చు. తాకక్కర్లేదు, జెల్ రాయక్కర్లేదు.

అపోహ: ఇక అల్ట్రాసౌండ్ పాతబడింది.

వాస్తవం: పనిముట్టు జారి ప్యానెల్ మీద పడిందనుకోండి. పైన చిన్న సొట్ట కూడా సరిగ్గా కనిపించదు, లోపల మాత్రం ప్లైలు విడిపోయి ఉండొచ్చు. ఆ డీలామినేషన్‌ని పట్టేది అల్ట్రాసౌండే. అక్కడ టెరాహెర్ట్జ్ స్కాన్ చేసి "బాగానే ఉంది" అని సంతకం పెట్టడం ప్రమాదం.

అపోహ: రేడియేషన్ కదా, దగ్గరికి వెళ్లకూడదు.

వాస్తవం: 1 టెరాహెర్ట్జ్ ఫోటాన్ శక్తి సుమారు 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. అణువులను అయనీకరించడానికి అది ఏ మూలకీ చాలదు. ఎక్స్-రే తీసేటప్పుడు చేసినట్టు చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించక్కర్లేదు.

అపోహ: గాలిలోనే కొలత కాబట్టి వాతావరణంతో సంబంధం లేదు.

వాస్తవం: నీటి ఆవిరికి టెరాహెర్ట్జ్ అంటే మహా ఆకలి. 0.557, 0.752, 1.097 టెరాహెర్ట్జ్ దగ్గర బాగా మింగేస్తుంది, సిగ్నల్ వెనక చిన్న చిన్న అలలు మిగులుతాయి. వాటిని చూసి లోపం అనుకునే అవకాశం ఉంది. పలచని పొరలు కొలిచేటప్పుడు తరంగం నడిచే దారిలో పొడి గాలి గానీ నైట్రోజన్ గానీ పంపండి. అది కుదరకపోతే, లోపం లేదని తెలిసిన నమూనా మీద అదే గదిలో, అదే పూట ఒక రీడింగ్ తీసి పక్కన పెట్టుకోండి.