మెగ్నీషియం: యుద్ధకాలపు బట్టీ ఫూగూ చేరిన దారి

2021 సెప్టెంబరులో చైనాలోని యూలిన్ అధికారులు ఇంధన వాడకం పరిమితి దాటిందంటూ ఫూగూ చుట్టుపక్కల ఉన్న మెగ్నీషియం కర్మాగారాల్లో సుమారు 35ను ఏడాది చివరిదాకా మూసేయమన్నారు. టన్ను ధర కొన్ని నెలల్లోనే మూడింతలైంది. ఐరోపా కార్ల పరిశ్రమ బెంబేలెత్తింది. కారు పైకప్పుకూ తలుపులకూ వాడే అల్యూమినియం రేకుకు బలాన్నిచ్చేది మెగ్నీషియమే. అందులో దాదాపు 95 శాతం ఐరోపాకు చైనా నుంచే వచ్చేది. గాలి తగిలితే పాడయ్యే లోహం కాబట్టి నెలల తరబడి నిల్వ చేసే అలవాటూ లేదు.

ఈ చిక్కు మూలాలు రెండో ప్రపంచ యుద్ధంలో ఉన్నాయి. విమానాలకూ, నిప్పు బాంబులకూ మెగ్నీషియం అత్యవసరమైంది. అమెరికాలో రసాయనాల సంస్థ డౌ 1941లో టెక్సాస్ తీరాన సముద్రపు నీటి నుంచి విద్యుద్విశ్లేషణతో, అంటే కరెంటు పంపి విడదీసి, తీయడం మొదలుపెట్టింది. అదే సమయంలో కాలిఫోర్నియాలో పారిశ్రామికవేత్త హెన్రీ కైజర్ మాత్రం ఆస్ట్రియా శాస్త్రవేత్త హాన్స్‌గిర్గ్ పద్ధతిని చేపట్టారు. మెగ్నీషియం ఆక్సైడును బొగ్గుతో కలిపి సుమారు 2,000 డిగ్రీల దగ్గర క్షయకరణం చేయడం, అంటే అందులోని ఆక్సిజన్‌ను లాగేయడం ఆ పద్ధతి. లోహపు ఆవిరి, కార్బన్ మోనాక్సైడు కలిసే బయటికి వస్తాయి. క్షణాల్లో చల్లార్చకపోతే మళ్లీ ఒకటై మొదటికొస్తాయి. చల్లార్చితే మిగిలేది గాలి సోకగానే అంటుకునే పొడి. ఆ మంటల్లో కార్మికుల ప్రాణాలు పోయాయి.

కెనడా జాతీయ పరిశోధన మండలిలో పనిచేసిన లాయిడ్ పిడ్జన్ బొగ్గును పక్కనపెట్టి సిలికాన్‌ను ఎంచుకున్నారు. ఆక్సిజన్‌ను పట్టుకున్న సిలికాన్ వాయువుగా మారదు. ముడిరాయి అయిన డోలమైటులోని సున్నంతో కలిసి గట్టి చిట్టెమై అక్కడే ఉండిపోతుంది. కాబట్టి ఆవిరిగా వచ్చేది మెగ్నీషియం ఒక్కటే. పైగా గాలి తోడేసిన గొట్టంలో ఈ చర్య 1,200 డిగ్రీల దగ్గరే సాగుతుంది. 1942లో ఒంటారియోలోని హేలీలో కర్మాగారం నడిచింది. కాల్చిన డోలమైటును ఫెర్రోసిలికాన్‌తో (ఇనుము, సిలికాన్ కలిసిన లోహంతో) కలిపి బిళ్లలుగా నొక్కి, నికెల్-క్రోమియం ఉక్కు గొట్టాల్లో నింపుతారు. గొట్టం ఒక కొస బట్టీలో, రెండో కొస బయట నీటితో చల్లబడుతూ ఉంటుంది. ఎనిమిది, పది గంటల తర్వాత మూత తీస్తే చల్లని కొసలో వెండిలా మెరిసే స్ఫటికాల వలయం పేరుకుని ఉంటుంది. దాన్ని ఊడదీయాలి, లోపలి చిట్టెం గోకి తీయాలి, మళ్లీ నింపాలి. ఎర్రగా కాలిన గొట్టాల వరుస ముందు ఇదంతా మనుషులు చేసే పని.

యుద్ధం ముగిశాక ఈ చాకిరీ ఖర్చు భరించలేక విద్యుద్విశ్లేషణదే పైచేయి అయింది. 1990ల నుంచి చైనా పిడ్జన్ పద్ధతితోనే దాన్ని తిరగేసింది. రాయికి ఎక్కడా కొరత లేదు. విశాఖ ఉక్కు కోసం ఖమ్మం జిల్లా మాదారంలో తవ్వేదీ డోలమైటే. ఫూగూకు కలిసొచ్చింది చవక కూలీ, బట్టీలు మండించడానికి బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వెలువడే గ్యాసు. ఆ ధర ముందు డౌ (1998), నార్వేలోని పోర్స్‌గ్రున్ (2002), కెనడాలోని బెకాన్‌కూర్ (2007) మూతపడ్డాయి. కిలో లోహానికి 20 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడు వెలువడుతున్నా, కొనేవాళ్లు ఆ లెక్క అడగలేదు. నా దృష్టిలో అసలు తప్పు అదే.

2024లో అమల్లోకి వచ్చిన ఐరోపా చట్టం మెగ్నీషియంను వ్యూహాత్మక ముడిసరుకుల్లో చేర్చింది. అలాంటి ఏ సరుకైనా 2030 నాటికి ఒకే బయటి దేశం నుంచి 65 శాతానికి మించి రాకూడదన్నది దాని లక్ష్యం.